వెనకాలే చిమ్మిన ఇల్లు

గత నెలలో అక్క జ్ఞాపకార్థం మా కాలనీ ప్రార్థన మందిరంలో కూడిక పెట్టారు. నాయుడుపేటలో కూతురి దగ్గర పోయింది అక్క. సమాధి కార్యక్రమం అక్కడే అయింది. ఇక్కడి సంఘం ఊరుకోలేక మళ్లీ కూడుకుంది. ఒక్కొక్కరే లేచి సాక్ష్యం చెప్పారు. ప్రార్థనాపరురాలు అన్నారు. ఉపవాసం తప్పని మనిషి అన్నారు. సంఘానికి తల్లిలాంటిది అన్నారు. అన్నీ నిజమే. కానీ ఆ మాటలు ఏ విశ్వాసి పోయినా చెప్పుకునేవే. నా వంతు వచ్చినప్పుడు లేచి, "అక్క ఇల్లు బాగా చిమ్మేది" అన్నాను. ఇంకేదో చెప్తానని అందరూ నా వైపు చూశారు. కూర్చుండిపోయాను. వెనక వరసలో ఎవరో పిల్లలు నవ్వారు.

ఆ ఒక్క మాట వెనక ఉన్నది చెప్పకపోతే అక్క గురించి నేనేమీ చెప్పనట్టే. అందుకని రాస్తున్నాను.

మాది విడవలూరు దాటి సముద్రం వైపు పోయే దారిలో చివరి ఊరు. సునామీ తర్వాత కట్టించిన కాలనీలో మా ఇల్లూ వాళ్ల ఇల్లూ పక్కపక్కన. మధ్యలో నడుమెత్తు గోడ. నాన్న ఆ మందిరానికి పాస్టరుగా ఉండేవాడు. నేను ఆదివారం పిల్లలకు పాఠాలు చెప్పేదాన్ని. అక్క నాకు చుట్టం కాదు, సంఘంలో అక్క. ఆమె భర్త పడవ మీద వేటకు పోయేవాడు. ఒక్కతే కూతురు. ఆమె అత్త కూడా వాళ్లతోనే ఉండేది.

మా ఇళ్లకు తూర్పున సరుగుడు తోపు, దాని అవతల సముద్రం. తోపు గాలిని కొంత ఆపుతుంది గానీ ఇసుకను ఆపలేదు. కిటికీ సందుల్లోంచి, తలుపు కిందనుంచి, ఎండిన సరుగుడాకుతో కలిసి ఇంట్లోకి వస్తూనే ఉంటుంది. మా అమ్మ పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి ఊడ్చి, మధ్యలో వచ్చిన ఇసుకను తిట్టి ఊరుకునేది. కాలనీలో అందరూ అంతే. అక్క ఇసుకను తిట్టగా నేను ఎన్నడూ వినలేదు.

ఆమె దగ్గర సరంజామా ఏమంత లేదు. లోపలికి ఒక మెత్త చీపురు, వాకిట్లోకి ఒక కొబ్బరి ఈనెల చీపురు, అంచు ఊడిన చేట, పాత పంచె చింపిన గుడ్డ, చెంబెడు నీళ్లు. ముందు చీపురు మొదలును అరచేతిలో టపటపా తట్టి సమానం చేసుకునేది. ఇసుక లేవకుండా నీళ్లు వేళ్లతో చిలకరించేది. తర్వాత వంగేది. ఒకసారి నడుం వంచితే గడప దాకా లేచేది కాదు. మూలల్లో చీపురును నిలువుగా తిప్పేది. ట్రంకు పెట్టె కిందికి దూరిన ఇసుకను, మొండి పిల్లను బుజ్జగించి బయటికి పిలిచినట్టు మెల్లమెల్లగా లాగేది. గోడ అవతలి నుంచి ఆ చప్పుడు ఒకే లయలో వస్తుంటే నేను ఆదివారపు పాఠం తయారు చేసుకునేదాన్ని.

ఇసుకంతా చేటలోకి ఎత్తి బయట పోసి వచ్చాక ఆమె చేసే పని ఒకటుంది. గడప బయట నిలబడి, చీపురు చంకలో పెట్టుకుని, లోపలికి చూసేది. గచ్చు మీద తడి అక్కడక్కడా ఆరుతూ ఉండేది. దాన్నే చూసేది. ఆ కాసేపు ఎవరు పిలిచినా తిరిగేది కాదు.

"ఏందక్కా అట్టా నిలబడిపోయినావు?" అని గోడ మీది నుంచి ఒకసారి అడిగాను.

"చూసుకోనీ అమ్మణ్ణీ. ఇంకాసేపుంటే మళ్లీ వచ్చేస్తాది ఇసక."

"మళ్లీ వచ్చేదానికి ఇంత కష్టపడేదెందుకు?"

"కష్టం ఏముండాది? వచ్చేది దాని పని, చిమ్మేది నా పని. ఇద్దరం ఊరికే కూర్చోం." చంకలో చీపురు సర్దుకుని నవ్వింది. "నువ్వు వారం వారం ఆ పిల్లోళ్లకి అదే వాక్యం చెప్తావు. వాళ్లు ఇంటికి పొయ్యేలోపల మరిచిపోతారు. చెప్పేది మానుకున్నావా?"

సృష్టి చేసిన దేవుడు తన పనిని తానే చూసుకుని మంచిదనుకున్నాడని పిల్లలకు నేర్పుతాం. ఆ చూపు ఎలా ఉంటుందో నాకు తెలిసింది ఆ గడప దగ్గరే.

ఒకసారి నాన్న వాళ్లింట్లో ప్రార్థన చేస్తున్నాడు. అందరం కళ్లు మూసుకున్నాం. నాన్న పాదాలకు అంటుకొచ్చిన ఇసుక చాప పక్కన రాలింది. ప్రార్థన మధ్యలో సర్రుమని చప్పుడు. నేను కళ్లు తెరిచి చూస్తే, అక్క కళ్లు మూసుకునే ఉంది గానీ చెయ్యి మాత్రం నేల మీద పాకుతూ ఆ ఇసుకను ఒకచోటికి చేరుస్తోంది.

నాన్న ఆమేన్ చెప్పి, "అమ్మా, ప్రార్థన అయ్యేదాకన్నా ఆగలేవా?" అన్నాడు.

"నా చెయ్యి కూడా ప్రార్థనే చేస్తుండాదయ్యగారూ. దాన్ని ఆపబాకండి."

నాన్న నవ్వు ఆపుకోలేకపోయాడు. ఆ మాటను తర్వాత ఎన్నో ఆదివారాలు ప్రసంగంలో వాడుకున్నాడు.

మా వైపు పట్టింపు ఒకటి ఇక్కడ చెప్పాలి. మనిషి ప్రయాణమై గడప దాటితే వెంటనే ఇల్లు చిమ్మరు. పీనుగ లేచాకనే అట్లా వెనకాలే చిమ్ముతారు. బతికున్న మనిషి వెనక చిమ్మితే అతన్ని కూడా తిరిగిరాని చోటికి సాగనంపినట్టేనని భయం. వేటకు పోయే ఇళ్లలో ఆ భయం ఇంకా ఎక్కువ. పడవ అలలు దాటి కనుమరుగయ్యేదాకా ఆడవాళ్లు చీపురు ముట్టరు. అక్క మాత్రం భర్త వాకిలి దాటాడో లేదో చీపురు అందుకునేది.

అత్త బాప్తిస్మం తీసుకోలేదు. గంగమ్మకు మొక్కే మనిషి. వాళ్లింట్లో ఒక గోడకు వాక్యం రాసిన క్యాలెండరు, ఎదుటి గోడకు పసుపు బొట్లు. మిగతా దేంట్లోనూ అత్తాకోడళ్లకు పేచీ లేదు. పేచీ అంతా చీపురు దగ్గరే.

"పీనిగ లేచిన ఇల్లా ఇది? వాడు ఇంకా మలుపు తిరగలా, పొరక తీసినావు!" అని అరిచేది అత్త.

"తడి కాళ్లతో తిరిగొస్తాడు గదత్తా. ఇసక మీద పెట్టమంటావా ఆ కాళ్లు?"

"వచ్చే ముందర చిమ్ము. పోతా ఉంటే ఎనకాల చిమ్మబాక."

"ప్రభువు నాకు పొరక ఇచ్చినాడు గానీ భయం ఇవ్వలా."

వీధిలోంచి ఆయన కేక వినిపించేది. "చిమ్మనీమ్మా! నేను వచ్చి ఆ గచ్చులో మొకం చూసుకుని తల దువ్వుకోవాల!"

చుట్టుపక్కల ఆడవాళ్లు నవ్వేవాళ్లు. అత్త గొణుక్కుంటూ లోపలికి పోయేది. వేట ఉన్న ప్రతి రోజూ ఇదే వరస. నాకు అక్క ధైర్యం చూస్తే ముచ్చటేసేది. మేము మందిరంలో నోటితో చెప్పే విశ్వాసాన్ని ఆమె చీపురుతో చెప్తోందనిపించేది.

ఒక కార్తీకంలో, ఈశాన్య గాలి తిరిగిన పొద్దు, అక్క భర్త పడవ మొగ దగ్గర, అంటే ఏరు సముద్రంలో కలిసే చోట, తిరగబడింది. తోటి వాళ్లిద్దరూ ఈదుకుని ఒడ్డుకు వచ్చారు. ఆయన రాలేదు. మర్నాడు తోపుకు దిగువన శరీరం ఒడ్డుకు కొట్టుకొచ్చింది.

తెచ్చి వాకిట్లో పడుకోబెట్టారు. కాలనీ అంతా అక్కడే ఉంది. అత్త కొడుకు తల దగ్గర కూర్చుంది. కంట్లో నీళ్లు లేవు. కోడలి వైపు చెయ్యి చాపింది.

"నా బిడ్డని గంగ తీసుకోలా. ఇదిగో, ఇది చిమ్మేసింది. దినామూ చిమ్మి చిమ్మి పంపించేసింది."

అక్క తలెత్తి అత్తను చూసింది. మళ్లీ దించుకుంది.

ఆ రోజు తర్వాత అక్క చీపురు పట్టలేదు. వంట చేసేది. గిన్నెలు తోమేది. మందిరానికి వచ్చి ఎప్పటి చోటే కూర్చునేది. ఇల్లు మాత్రం చిమ్మేది కాదు. ఇసుక రావడం మానదు కదా. గచ్చు మీద మొదట పలచగా పొరలా పరుచుకుంది. తర్వాత మూలల్లో చిన్న చిన్న తిన్నెలుగా చేరింది. చాప పరిస్తే కింద కరకరలాడేది. సంఘం ఆడవాళ్లు చీపుర్లు తీసుకుని వచ్చారు. ముందు వంగినామె మణికట్టు పట్టుకుని ఆపింది అక్క.

"వొద్దొదినా. మీ చేతులకెందుకు ఇది?"

నాన్న వెళ్లి కూర్చున్నాడు. నేనూ వెంట ఉన్నాను.

"అమ్మా, గాలికి పడవ తిరగబడింది. నీ పొరకకీ దానికీ ఏం సంబంధం?"

"నాకు తెలుసయ్యగారూ. తలలో తెలుసు. చెయ్యే లేస్తా లేదు."

"కడుపుకోతలో అన్న మాట అది. మనసులో పెట్టుకోబాక."

"ఆమె మీద కోపం లేదు." చాప అంచు మీది ఇసుకను చూసింది. "నేను దినామూ చిమ్మింది ఇంటి కోసరమా, ఆమెకి చూపించాలనా? అది తేల్లా నాకు. కొంచెం పంతం కూడా ఉండింది గదా. దేవుడి పేరు పెట్టుకున్న పంతం."

నాన్నకు ఎన్నో వాక్యాలు నోటికి వచ్చు. ఆ పూట మాత్రం ప్రార్థన చేసి లేచాడు. ఇంటికి వచ్చాక, "ఆ పిల్లకు మొగుడు పోయాడు, చెయ్యి కూడా పోయింది. మొగుణ్ని మనం తెచ్చి ఇవ్వలేం. చెయ్యన్నా తిరిగి వస్తే బాగుండు" అన్నాడు. అప్పటి నుంచి మా కుటుంబ ప్రార్థనలో అదే మాట. ఆమె చెయ్యి లేవాలి. తన నేరం లేదని ఆమె తలకు తెలిసినట్టే చేతికి కూడా తెలియాలి.

ఏళ్లు గడిచాయి. కూతురు నాయుడుపేట దగ్గర ఒక కంపెనీలో చేరి హాస్టల్లో ఉండేది. సెలవుకు వచ్చి తిరిగి బయల్దేరిన ప్రతిసారీ అక్క గడప మీద కూలబడేది. చేరానని పిల్ల ఫోను చేసేదాకా లేచేది కాదు. ఆలోపల చాప దులపడం కూడా లేదు.

"పుట్టింటికి పోయి కొన్నాళ్లు ఉండరాదా అక్కా?" అని అడిగాను.

"మా అత్తకి నేను తప్పితే ఎవరుండారు?"

అత్త ఆ ఇసుకను రోజూ చూసేది. మోకాళ్లు వంగవు. పడుకునే మేరకు కొంగుతో విసిరి సరిచేసుకునేది. అన్నం పెట్టిన కోడలి చేతిని చూసి ఏదో చెప్పబోయి, నోరు తెరిచి, అన్నం ముద్ద పెట్టుకుని మూసుకోవడం నేను ఒకసారి కాదు, చాలాసార్లు చూశాను.

ఒక చలికాలం అత్తకు ఆయాసం ముదిరింది. నెల్లూరు పెద్దాసుపత్రికి తీసుకుపోవాలన్నారు. మనవరాలు సెలవు పెట్టి వచ్చింది. వాకిట్లోకి ఆటో వచ్చింది. నలుగురు పట్టి అత్తను ఎక్కించారు. మనవరాలు పక్కన కూర్చుంది. అక్క సంచీ అందించి తనూ ఎక్కబోయింది.

"నువ్వు ఇప్పుడు రాబాక. ఎనకమాల బస్సుకి రా" అంది అత్త. మాటకూ మాటకూ మధ్య ఊపిరి అందడం లేదు. "పొరక తీసుకురా."

"ఏందత్తా?"

"పొరక మే, పొరక. నేను పోతా ఉంటే నా ఎనకాలే చిమ్ము."

చుట్టూ ఉన్నవాళ్లు మొహాలు చూసుకున్నారు. "ముసల్దానికి మతి చెడిందే" అని ఎవరో పైకే అన్నారు.

"మతి ఆ పొద్దు చెడింది. ఇప్పుడు బాగుండాది." అత్త ఆటో కడ్డీ పట్టుకుని వీధిలోకి ముందుకు వంగింది. "ఆ పొద్దు మీ అందరి ముందర అన్నా గదా. ఈ పొద్దు మీ అందరి ముందరే చెప్తుండా. ఇనుకోండి. నా కొడుకుని గంగ తీసుకుంది. ఈ పిల్ల కాదు."

"అవ్వా, పొద్దు పోతాది, పోదామా?" అన్నాడు ఆటో అతను.

"పొరక చప్పుడు నాకు ఇనపడాల. అందాకా కదలనీబాక నాయనా."

అక్క కదల్లేదు. వాళ్లింటి చీపురు ఎక్కడుందో, ఉందో లేదో. నేను మా ఇంట్లోకి పరుగెత్తి మా చీపురు తెచ్చి ఆమె చేతిలో పెట్టాను. అరచేతిలో తట్టుకోవడం కూడా మరిచిపోయి అట్లాగే పట్టుకుని లోపలికి పోయింది. వీధి అంతా చెవులు రిక్కించి నిలబడింది. మొదట ఏమీ లేదు. తర్వాత గచ్చు మీద చీపురు గీసిన చప్పుడు ఒకటి. మళ్లీ నిశ్శబ్దం. ఇంకోసారి అదే చప్పుడు. తర్వాత చీపురు చప్పుడూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఏళ్ల ఇసుక అది. మెత్త చీపురుకు కదలడం లేదు.

"ఊఁ" అంది అత్త, సీటుకు ఆనుకుని. "ఇంక పోనీయ్."

ఆమె బతికి తిరిగి రావాలని సంఘమంతా ప్రార్థన చేశాం. నేనైతే ఆమె కోసం అంతగా కాదు, అక్క కోసమే చేశాను. ఈ ముసలామె నడిచి వచ్చి గడప ఎక్కితే చాలు ప్రభువా, చీపురుకు నేరం లేదని ఊరికి తెలుస్తుంది అని వేడుకున్నాను. వారం తిరక్కుండానే శరీరాన్ని తెచ్చారు.

కాలనీలో గుసగుసలు నా చెవిన పడ్డాయి. "చూసినావా? మళ్లీ అట్టనే అయింది." "అడిగి మరీ చిమ్మించుకునింది గదా, పోదా మరి?"

ఆ మాటలకు నాకు కోపం వచ్చింది. కానీ కూర్చుని ఆలోచిస్తే నా ప్రార్థనా అదే దారిలో నడిచింది. ఆమె తిరిగి వచ్చి ఉంటే మేము మందిరంలో లేచి సాక్ష్యం చెప్పుకునేవాళ్లం. అప్పుడు మేము నమ్మింది దేవుణ్నా, ఆ ముసలామె ఊపిరినా? నాకు ఈనాటికీ ఆ ప్రశ్న బరువుగానే ఉంది.

అక్క అత్తను వాళ్ల పద్ధతిలోనే, డప్పులతోనే సాగనంపింది. సంఘంలో ఒకరిద్దరు సణిగారు. "ఆమెను ఆమె దారిలో పంపిస్తుండా. మిగతాది ప్రభువు చూసుకుంటాడు" అంది. నాన్న తోపు దాకా శవం వెంట నడిచాడు. ఇంటి దగ్గర ఆచారం ప్రకారం చిమ్మే పని అత్త తరఫు ఆడమనిషి ఎవరో చేసింది. అక్క గోడకు ఆనుకుని చూస్తూ ఉంది. ఇక ఈమె చెయ్యి ఎప్పటికీ లేవదనుకున్నాను.

కర్మలు అయ్యాక కూతురు ప్రయాణమైంది. నెల్లూరు బస్సు కాలనీ మలుపులో ఆగుతుంది. పిల్ల బయల్దేరితే అక్క ఎలా అయిపోతుందో తెలిసినదాన్ని కనుక, పక్కన కూర్చుందామని వాళ్ల వాకిట్లోకి వెళ్లాను. లోకంలో ఆమెకు మిగిలింది ఆ ఒక్క పిల్లే.

"పోయొస్తామ్మా" అని పిల్ల బ్యాగు భుజాన వేసుకుంది. వాకిలి దాటింది.

అక్క గడప మీద కూర్చోలేదు. లోపలికి పోయి చీపురు తీసింది.

"అక్కా" అన్నాను. చిన్నప్పటి నుంచీ వాక్యం విన్నదాన్ని, పది మందికి చెప్పినదాన్ని, నాకే ఆ క్షణం ఆగమనాలనిపించింది. "భయంగా లేదా?"

"ఉంది" అంది. నడుం వంచింది. "మా అత్త బతికి వచ్చుంటే ఉండేది కాదేమో. రాలా గదా. అయినా పోయే ముందర నన్ను ఇడిపించి పోయింది అమ్మణ్ణీ. నేను దీన్ని మళ్లీ మూలన పెట్టి కూర్చుంటే ఆమె మాటను అబద్ధం చేసినట్టే గదా."

చీపురు కదిలింది. వీధిలో ఆ పిల్ల ఆ చప్పుడు విని టక్కున నిలబడి వెనక్కి తిరిగింది. తల్లి తలెత్తలేదు. పిల్ల కాసేపు అలాగే చూసి, బ్యాగు సర్దుకుని, మలుపు వైపు నడిచింది. అక్క గోడ వారగా వచ్చింది, పెట్టె కింద లాగింది, మూలల్లో చీపురు తిప్పింది. గడప పక్కన ఒక చార ఇసుక మిగిలిపోయింది. అక్క నడుం ఎత్తి నిలబడి విన్నది. మలుపులో బస్సు ఆగింది. తలుపు పడింది. కదిలిపోయింది. ఆ చప్పుడు పూర్తిగా వినపడకుండా పోయాక, మళ్లీ వంగి, ఆ మిగిలిన చారను కూడా చిమ్మింది.